యురయా ఆబ్లింగర్, ఆయన ఉత్తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యురయా ఆబ్లింగర్ ఎవరు? ఈ పేరు ఎక్కడా వినలేదే?

వినకపోవడంలో వింతేమీ లేదు. ఆయన సేనానీ కాదు, నాయకుడూ కాదు. 1842లో పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన, అంటే యూనియన్ సైన్యంలో పనిచేశాడు. యుద్ధమయ్యాక ఇండియానా రాష్ట్రంలో వ్యవసాయం చేసుకుంటూ మార్తా థామస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఇంట్లో ఆమెను మాటీ అని పిలిచేవారు. 1872లో భార్యనూ చంటిపిల్లనూ పుట్టింటివాళ్ళ దగ్గర వదిలి, బావమరుదులతో కలిసి గుడారపు బండి కట్టుకుని నెబ్రాస్కా గడ్డిమైదానానికి బయలుదేరాడు. అక్కడ ఫిల్‌మోర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టాడు. 1901లో చనిపోయాడు.

ఇలాంటి జీవితాలు ఆ కాలంలో లక్షల్లో ఉన్నాయి. వాటిలో ఈయనదే మనదాకా రావడానికి కారణం ఆ ఇంటి ఉత్తరాలు దొరకడం.

సరే, ఒక మామూలు రైతు ఉత్తరాలు ఇప్పుడు మనమెందుకు చదవాలి?

చదివి తీరాలని నేననను. నేను మాత్రం మట్టి ఇళ్ళు ఎలా కట్టేవారో చూద్దామని మొదలుపెట్టి, వదల్లేకపోయాను. సొంత భూమి కోసం ఊరు వదిలినవాడి మాట, వెనకాల ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి మాట, రెండూ వాటిలో వినపడతాయి. కౌలు చేసిన ఇంట్లో పుట్టినవాళ్ళకి కొన్ని వాక్యాలు నేరుగా గుండెకు తగులుతాయి. వాటి సంగతి కింద రాశాను.

ప్రెయిరీ అంటే అడవా, బీడా?

రెండూ కాదు. చెట్టు దాదాపు కనపడని గడ్డిసముద్రం. వాగుల వెంట మాత్రమే నాలుగు చెట్లుంటాయి. గడ్డి వేళ్ళు లోతుగా దిగి మట్టిని చాపలా అల్లేస్తాయి. మామూలు నాగలి అక్కడ దిగదు. ఆ వేళ్ళ కింద మట్టి మాత్రం బంగారం.

మాటీ రాకముందు యురయా ఆమెకు రాసిన ఒక ఉత్తరంలో ఈ నేల గురించి ఓ మాట ఉంది: ఇక్కడ కంటికి ఎంత దూరం కావాలంటే అంత దూరం కనిపిస్తుంది, కనిపించినదాంట్లో దాదాపు ప్రతి అడుగూ దున్నుకోవచ్చు అని. ఆ వాక్యంలో ఆయన భార్యని పేరు పెట్టి పిలవలేదు, ‘అమ్మా’ అన్నాడు. బిడ్డ పుట్టాక భార్య ‘ఫలానావాళ్ళమ్మ’ అయిపోవడం మనకి కొత్త కాదు కాబట్టి నాకది వెంటనే అర్థమైంది.

160 ఎకరాలు ప్రభుత్వం ఊరికే ఇచ్చిందా?

భూమికి వెల లేదు, షరతులున్నాయి. అధ్యక్షుడు లింకన్ 1862 మే 20న హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశాడు. 1863 జనవరి 1 నుంచి అది అమలైంది. 21 ఏళ్ళు నిండినవాళ్ళు, లేదా ఇంటికి పెద్ద అయినవాళ్ళు, 160 ఎకరాల దాకా అడగవచ్చు. నలుచదరంగా కొలిస్తే పక్కకి అరమైలు, నిలువుకి అరమైలు. పౌరుడై ఉండాలి, లేదా పౌరసత్వం తీసుకుంటానని ప్రకటించి ఉండాలి. అమెరికా ప్రభుత్వం మీద ఆయుధం ఎత్తి ఉండకూడదు. దరఖాస్తు నుంచి పట్టా దాకా అన్నీ కలిపి రుసుము 18 డాలర్లు.

అసలు షరతు ఆ తర్వాత వస్తుంది. ఆ భూమి మీదే ఇల్లు కట్టుకుని ఐదేళ్ళు కాపురముండాలి, సాగు చేయాలి. ఐదేళ్ళయ్యాక ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని భూమి కార్యాలయానికి వెళ్ళి రుజువు చూపించాలి. అప్పుడే పట్టా.

కాగితం మీద తేలికగానే ఉంటుంది. ఎద్దులు, నాగలి, విత్తనాలు, బావి, మొదటి పంట చేతికొచ్చేదాకా తిండి, వీటిలో ఏదీ ప్రభుత్వం ఇవ్వదు. భూమి ఉచితమే గానీ రైతు కావడం ఉచితం కాదు. చాలామంది మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోయారు. చివరిదాకా నిలిచి పట్టా పుచ్చుకున్నవారు, చట్టం నడిచిన కాలమంతా కలిపి, సుమారు 16 లక్షలు. వారికి వెళ్ళిన భూమి దాదాపు 27 కోట్ల ఎకరాలు. అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణానికి నాలుగింతలు.

ఆడవాళ్ళు కూడా అడగవచ్చా?

పెళ్ళికాని ఆడవాళ్ళు, వితంతువులు సొంత పేరున అడగవచ్చు. భర్త ఉన్న స్త్రీకి ఆ వీలు లేదు, అక్కడ ఇంటిపెద్ద భర్తే కాబట్టి. నెబ్రాస్కాలోనే క్రిస్మన్ అక్కచెల్లెళ్ళు నలుగురూ తమ మట్టి ఇంటి ముందు నిలబడి 1886లో తీయించుకున్న ఫోటో చాలా ప్రసిద్ధం.

మాజీ సైనికుడు కాబట్టి యురయాకి అదనంగా ఏమైనా దక్కిందా?

ఆయన ఫైలు వరకూ వెళ్ళకుండా, చట్టం ఏమన్నదో చెబుతాను. 1872లో సైనికుల కోసం విడిగా చట్టం వచ్చింది. కనీసం 90 రోజులు యూనియన్ సైన్యంలోనో నౌకాదళంలోనో పనిచేసి గౌరవంగా బయటికొచ్చినవారికి, పనిచేసిన కాలాన్ని ఐదేళ్ళ కాపురంలోంచి తగ్గించారు. మూడేళ్ళు యుద్ధంలో ఉన్నవాడికి రెండేళ్ళు చాలు. అయితే ఎంత తగ్గినా కనీసం ఏడాదైనా ఆ నేల మీద ఉండాలి.

ఇంకో లాభం రైలుమార్గం పక్కన ఉంది. రైల్వే కంపెనీలకి ప్రభుత్వం పట్టాల పొడవునా చదరంగపు గళ్ళలా ఒకటి విడిచి ఒకటిగా భూమి ఇచ్చింది. మధ్యలో మిగిలిన గళ్ళకి ధర పెరిగింది కాబట్టి అక్కడ మామూలు దరఖాస్తుదారుకి 80 ఎకరాలే ఇచ్చేవారు. సైనికుడికి మాత్రం అక్కడ కూడా 160.

యురయా బయలుదేరింది సరిగ్గా ఆ ఏడాదే. ఫిల్‌మోర్ కౌంటీకి బర్లింగ్టన్ రైలు కూడా అప్పుడప్పుడే వచ్చింది. ఆ రైల్వేవాళ్ళు స్టేషన్లకి అక్షరక్రమంలో పేర్లు పెట్టుకుంటూ పోయారు. క్రీట్, డోర్చెస్టర్, ఎక్సిటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్... ఇంగ్లీషు అక్షరాల వరస గుర్తుంటే చాలు, మీ స్టేషన్ దాటిపోయిందో లేదో తెలిసిపోతుంది.

మన డీ-పట్టా భూముల్లాంటిదేనా ఇది?

ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవడం, సాగు చేస్తేనే హక్కు నిలవడం వరకూ పోలిక ఉంది. తేడా పట్టా వచ్చాక మొదలవుతుంది. హోమ్‌స్టెడ్ పట్టా చేతికొచ్చిన మర్నాడే అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. ఆ తాకట్లే తర్వాత చాలామంది కొంప ముంచాయి.

ఆ భూమి అంతకుముందు ఎవరిది?

ఈ ప్రశ్న తక్కువమందే అడుగుతారు. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న ఆ నేల పానీ అనే ఆదివాసీ జాతివారు తిరిగిన, వేటాడిన నేల. 1833లో జరిగిన ఒప్పందంతో అది అమెరికా ప్రభుత్వం చేతిలోకి వెళ్ళింది. తర్వాతి ఒప్పందాలతో వారికి మిగిలింది ఒక చిన్న ముక్క. 1873 ఆగస్టులో వేటకు వెళ్ళిన పానీలపై నైరుతి నెబ్రాస్కాలో లకోటా అనే మరో ఆదివాసీ జాతివారు దాడి చేసి పెద్ద సంఖ్యలో చంపారు. ఆ తర్వాత రెండేళ్ళలో పానీలు ఉన్న ఆ ముక్క కూడా వదిలి ఇప్పటి ఓక్లహోమాకి వెళ్ళిపోవలసి వచ్చింది.

మాటీ సొంత ఇంట్లో అడుగుపెట్టానని మురిసిపోతూ పుట్టింటికి ఉత్తరం రాసింది కూడా ఆ 1873 వేసవిలోనే. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ‘ఖాళీ భూమి’ అన్న మాట ఎక్కడ కనపడినా నేను ఒకసారి ఆగుతాను.

మట్టి ఇల్లంటే మన మట్టిగోడల ఇల్లే కదా?

కాదు. మనం మట్టిని నీళ్ళుపోసి తొక్కి, గడ్డో పొట్టో కలిపి గోడ లేపుతాం. వాళ్ళు తొక్కరు, కలపరు. వేళ్ళతో అల్లుకుపోయిన పైపొరని పొరగానే లేపుతారు. దానికోసం ప్రత్యేకమైన నాగలి ఉండేది. అది మట్టిని తిరగేయకుండా, సుమారు అడుగు వెడల్పు, నాలుగంగుళాల మందంతో పొడవాటి పట్టీగా కోసుకుంటూ పోతుంది. ఆ పట్టీని పారతో రెండుమూడు అడుగుల ముక్కలుగా నరుకుతారు. ఒక్కో పెళ్ళనీ గడ్డి కిందికి ఉండేలా తిరగేసి ఇటుకలా పేరుస్తారు. మధ్యలో సున్నం, అడుసు ఏమీ ఉండవు. వేళ్ళే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గోడ మందం రెండడుగుల పైమాటే. ఒక మామూలు ఇంటికి అర ఎకరం నుంచి ఎకరం దాకా నేల చర్మం ఒలవాలి. ఈ పెళ్ళలకి జనం పెట్టిన ముద్దుపేరు ‘నెబ్రాస్కా పాలరాయి’.

ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన. గడ్డికి నిప్పంటుకుని మైదానమంతా తగలబడినా గోడలకి ఏమీ కాదు. ఇక వాన కురిస్తే చెప్పేదేముంది, బయట ఒక రోజు కురిస్తే కప్పు లోపల రెండు రోజులు కారుతుంది. కప్పులోంచి మట్టీ పురుగులూ పొయ్యి మీది గిన్నెలో పడకుండా పైన గుడ్డ కట్టుకునేవారు. పాములు కూడా పడేవని ఆనాటివాళ్ళు చాలామంది చెప్పారు. ఆరేడేళ్ళు నిలిస్తే ఇల్లు బాగా నిలిచినట్టే.

ఇంత మట్టిలో ఉండటానికి మాటీ ఏమంది?

ఈ ఉత్తరాలన్నిటిలో నాకు ప్రాణమైంది అదే. మాటీ పాపను తీసుకుని 1873 మేలో నెబ్రాస్కా చేరింది. జూన్ 16న తన సోదరుడు జార్జి కుటుంబానికీ, పుట్టింటి బంధువులకీ కలిపి ఉత్తరం రాసింది. మొదట్లోనే, మా సొంత ఇంట్లో ఉన్నాం, అదీ మట్టిపెళ్ళల ఇల్లు అంటుంది. అందులో ఫిర్యాదు లేదు, కులుకుంది. నేలకి ఇంకా చెక్కలు వేయలేదన్న ఒక్క లోటు చెబుతుంది. మట్టి ఇంట్లో ఉన్నాం కాబట్టి మేం కష్టాల్లో ఉన్నామనుకుంటారేమో, నిజం చెబుతున్నాను, నేనింత సుఖంగా ఎప్పుడూ లేను అంటుంది.

ఆ వెంటనే జార్జిని ఉద్దేశించి రాస్తుంది. కొత్త మోజు కాబట్టి అలా అంటున్నావని నువ్వంటావు, కాదు. మాది మాకుంది. వచ్చే వసంతంలో మళ్ళీ ఎక్కడికి మారాలో అన్న బెంగ లేదు. మేం వేసే ప్రతి దెబ్బా మాకోసమే, అందులో సగం ఇంకొకరికి పోదు.

సగం ఇంకొకరికి పోదు! ఇండియానాలో వాళ్ళ బతుకు ఏమిటో ఈ ఒక్క మాట చెప్పేస్తుంది. కోరుకో పాలుకో భూమి చేసినవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. కళ్ళంలో ధాన్యం రాసి పోసి సగానికి గీత గీసినప్పుడు ఆ గీతకి ఇవతల నిలబడ్డవాడు యుద్ధం గెలిచి వచ్చిన సైనికుడైనా ఒకటే. యురయా 1865లో యుద్ధం ముగిశాక కూడా ఏడేళ్ళు ఆగి, 1872లో పెళ్ళాం బిడ్డల్ని వదిలి ఎందుకు బండెక్కాడన్న ప్రశ్నకి భర్త ఉత్తరాల కంటే భార్య రాసిన ఈ నాలుగు వాక్యాలే మంచి జవాబు. సాహసం, దేశనిర్మాణం లాంటి పెద్ద మాటలు తర్వాతివాళ్ళు తగిలించినవి.

చెట్లే లేనిచోట వంటచెరకు ఎలా?

పిడకలు! ముందు మైదానంలో తిరిగే అడవిదున్నలవి, తర్వాత ఆవులవి. మనలా గోడకి కొట్టరు, మైదానంలో ఎండిపోయినవి ఏరుకొస్తారు. ఎండుగడ్డిని తాడులా మెలిపెట్టి ముడులు కట్టి, గింజ ఒలిచిన మొక్కజొన్న కండెలు వేసి కూడా పొయ్యి నడిపారు. గడ్డి ఇట్టే కాలిపోతుంది కాబట్టి ఒక మనిషి పొయ్యి దగ్గరే కూచోవాలి.

ఈస్టర్ తుపాను అంటే ఏమిటి?

1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం. చలి పోయిందనుకుని జనం పొలం పనుల్లో దిగారు. ఆ రోజు వానతో మొదలై, మంచుతుపానుగా మారి మూడు రోజులు వదల్లేదు. పశువుల కొట్టానికి వెళ్ళే దారి కూడా కనపడలేదు. పశువులు చాలా చచ్చిపోయాయి. కొందరు గుర్రాల్నీ ఆవుల్నీ తాముండే గదిలోకే తోలుకున్నారు. అప్పటికి మాటీ ఇంకా ఇండియానాలోనే ఉంది. అందుకే ఆ తుపాను సంగతి ఉత్తరాలకెక్కింది. ఇద్దరూ ఒక చోట ఉంటే ఎవరు ఎవరికి రాస్తారు? ఈ సేకరణలో ఎక్కడ ఎడబాటు ఉందో అక్కడే వివరముంది.

మిడతల దండు పంటంతా తిన్నదన్నది నిజమేనా?

నిజమే, పంటతో ఆగలేదు. 1874 వేసవిలో కొలరాడో నుంచి మిన్నెసోటా, టెక్సాస్ దాకా మైదానాల మీద రాకీ పర్వతాల మిడత దిగింది. ఎండని కమ్మేసే మబ్బులా వచ్చేవని, దిగితే వడగళ్ళు పడ్డ చప్పుడని చూసినవాళ్ళందరిదీ ఒకే మాట. మొక్కజొన్న మొదలంటా పోయింది. ఉల్లిగడ్డ నేలలోపలి భాగం కూడా తినేసి బొరియలు మిగిల్చాయి. పంట మీద దుప్పట్లు కప్పితే దుప్పట్లు తిన్నాయి. చెమట ఇంకిన పారకర్రలూ కొరికాయి. రైలు పట్టాల మీద నలిగిన మిడతల జిడ్డుకి చక్రాలు జారి బళ్ళు ఆగాయి.

ఆ ఏడాదే నెబ్రాస్కాలో సహాయ సంఘం ఏర్పాటైంది. కాంగ్రెసు, అంటే అమెరికా పార్లమెంటు, 1,50,000 డాలర్లు మంజూరు చేసింది. సైన్యం గోదాముల్లో మిగిలిన కోట్లు, బూట్లు తెచ్చి పంచారు. యుద్ధం నుంచి ఇంటికొచ్చి పదేళ్ళకి ఎందరో మాజీ సైనికులు మళ్ళీ అదే సైన్యపు కోటు తొడుక్కున్నారు, ఈసారి దానంగా. ఆబ్లింగర్ ఉత్తరాల్లో మిడతలూ ఉన్నాయి, అప్పులూ ఉన్నాయి.

2020లో మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చి తెలంగాణ సరిహద్దు జిల్లాలు కాపలా కాసినప్పుడు నాకు ఈ పేజీలే గుర్తొచ్చాయి. అయితే అది వేరే జాతి. రాకీ పర్వతాల మిడత ఇప్పుడు భూమ్మీదే లేదు. ప్రాణంతో చివరిసారి దొరికింది 1902లో. అది గుడ్లు పెట్టే కొండలోయల్ని రైతులు దున్నేయడమే అందుకు కారణమని శాస్త్రజ్ఞులు అంటారు. కోట్లకొద్దీ వచ్చిన దండుని, దాన్ని తుడిచిపెట్టాలన్న ఆలోచనే లేని నాగళ్ళు తుడిచిపెట్టాయి.

తర్వాత ఆ కుటుంబం ఏమైంది?

మాటీ 1880లో కాన్పులో చనిపోయింది. ముగ్గురు కూతుళ్ళు, ఎల్లా, స్టెల్లా, మ్యాగీ, తల్లి లేని పిల్లలయ్యారు. యురయా మిన్నెసోటాకి వెళ్ళి, 1881లో లారా బేకన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ తర్వాత ఒకచోట కుదురుకున్నది లేదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తిరిగాడు. వచ్చే వసంతంలో ఎక్కడికి మారాలన్న బెంగ లేదని మాటీ రాసిన ఇంట్లోనే ఆ బెంగ మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఉత్తరాలు ఎన్ని, ఎక్కడ ఉన్నాయి?

అసలు ప్రతులు లింకన్ నగరంలో, నెబ్రాస్కా రాష్ట్ర చరిత్ర సంఘం దగ్గర ఉన్నాయి. కొన్నాళ్ళు అది హిస్టరీ నెబ్రాస్కా అన్న పేరుతో కూడా నడిచింది. సుమారు 3,000 పేజీలు. వాటిని స్కాన్ చేసి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వెబ్‌సైట్లో పెట్టారు. ఉచితం. చేతిరాత చిత్రంతోపాటు టైపు చేసిన పాఠం కూడా ఉంది. వాటితో కలిపి సాలమన్ బుచర్ అనే ఫోటోగ్రాఫర్ 1886 నుంచి తీసిన దాదాపు 3,000 గాజుపలకల ఫోటోలు కూడా పెట్టారు.

బుచర్ కూడా భూమి కోసం వచ్చి, వ్యవసాయం చేతకాక కెమెరా పట్టుకున్నవాడు. 1899లో ఇల్లు కాలిపోయి రాతప్రతులన్నీ బూడిదయ్యాయి. గాజుపలకలు ధాన్యపు కొట్లో ఉండబట్టి బతికాయి. ఆయన ఫోటోల్లో కుటుంబాలు తమకున్నవన్నీ, గుర్రాలు, కుట్టుమిషను, పిచ్చుకపంజరం దాకా, ఇంటిముందు పెట్టుకుని నిలబడతాయి. ఆబ్లింగర్ కుటుంబం ఉన్నది అదే రాష్ట్రంలో వేరే కౌంటీలో. ఆ ఫోటోలు వీళ్ళ ఇంటివి అనుకోవద్దు. చాలామంది ఆ పొరపాటు చేస్తారు.

ఇంగ్లీషు వచ్చు గానీ ఈ ఉత్తరాలు అర్థం కావడం లేదు. ఎందుకు?

ఫుల్‌స్టాపులు లేవు కాబట్టి. స్పెల్లింగు కూడా చెవికి వినపడినట్టు రాశారు. టైపు చేసినవాళ్ళు వాటిని దిద్దకుండా అలాగే ఉంచారు, మంచిపని. కళ్ళతో కాకుండా పైకి చదివితే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అదే తెలుస్తుంది. మా ఇంట్లో పాత కార్డుముక్కల్లో తెలుగు కూడా ఇలాగే ఉండేది: ‘ఇక్కడ క్షేమం అక్కడ క్షేమమని తలుస్తాను’తో మొదలై చుక్క లేకుండా చిరునామా దాకా.

ఇలాంటి ఇంకో సైనికుడి గురించి వెతకాలంటే ఏ కాగితాలు చూడాలి?

మూడు రకాలు. సైన్యపు సేవా పత్రాలు, పింఛను ఫైలు, హోమ్‌స్టెడ్ ఫైలు. మూడూ అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉంటాయి. సేవా పత్రాల్లో చేరిన తేదీ, హాజరు, ఆసుపత్రి లాంటివి తప్ప మనిషి కనపడడు. పింఛను ఫైల్లో కనపడతాడు. పింఛను కోసం గాయాలు, జబ్బులు, పెళ్ళి, పిల్లలు అన్నిటికీ రుజువులు ఇవ్వాలి. వితంతువులైతే పెళ్ళి నిజమని ఇరుగుపొరుగు చేత ప్రమాణం చేయించాలి. 1890 చట్టంతో, పనిచేయలేని స్థితి వస్తే చాలు, అది యుద్ధం వల్లే వచ్చిందని చూపనక్కర్లేదన్నారు. అప్పటినుంచి ఫైళ్ళు కుప్పలయ్యాయి.

హోమ్‌స్టెడ్ ఫైల్లో చివరి రుజువు కాగితమే ముఖ్యం. ఇల్లు ఎన్ని అడుగులు, కిటికీలెన్ని, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నావు, ఎన్నాళ్ళు ఊళ్ళో లేవు అని అడుగుతారు. సాక్షులూ అవే చెప్పాలి. నెబ్రాస్కా ఫైళ్ళు స్కాన్ అయ్యాయి. పట్టా నకలు కావాలంటే కేంద్ర భూ నిర్వహణ శాఖ వెబ్‌సైట్లో పేరు, రాష్ట్రం కొడితే వస్తుంది.

ప్రభుత్వం అడిగింది ఉన్నావా లేవా అనే. ఎలా ఉన్నావని ఏ గడిలోనూ అడగలేదు.

ఒమాహా, లింకన్ వైపు ఉన్నవాళ్ళు వెళ్ళి చూడదగ్గది ఏమైనా ఉందా?

లింకన్‌కి దక్షిణంగా సుమారు 40 మైళ్ళ దూరంలో బియాట్రిస్ అనే ఊరుంది. దాని పక్కనే హోమ్‌స్టెడ్ జాతీయ చారిత్రక పార్కు. చట్టం అమలైన మొదటి రోజే దరఖాస్తు పెట్టిన డేనియల్ ఫ్రీమన్ భూమి అది. పిల్లలతో వెళ్ళవచ్చు. వేసవిలో వెళితే మనిషెత్తు గడ్డి కనపడుతుంది. దాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకు లాగి చూడండి, ఆ నాగలి సంగతి తెలుస్తుంది.

మొదట ఏ ఉత్తరంతో మొదలుపెట్టాలి?

1873 జూన్ 16, మాటీది. దాని తర్వాత, యురయా ఒంటరిగా ఉన్న 1872–73 చలికాలపు ఉత్తరాలకి వెనక్కి వెళ్ళండి. తేదీ వరసలో చదివితే ఆయన పొగడ్తలన్నీ భార్యని రప్పించుకోవడానికి చెప్పినవేమో అనిపిస్తుంది. ఆమె మాట ముందు విని వెళితే అలా అనిపించదు.